గడప దాటని జబ్బు

“అమ్మకి ప్రయాణం పడట్లేదండీ, అందుకే తీసుకురాలేదు.” “నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కడికీ రానంటున్నారు.” “అత్తయ్యగారు ఇప్పుడే పడుకున్నారు, లేపడం ఎందుకులెండి.” అమెరికాలో తెలుగువాళ్లున్న ఏ ఊరైనా తీసుకోండి, డాలస్ కానీ ఎడిసన్ కానీ ఫ్రీమాంట్ కానీ, ఉగాది వేడుకల్లో, సత్యనారాయణ వ్రతాల్లో ఇలాంటి జవాబులు వినపడుతూనే ఉంటాయి. చాలావరకు నిజాలే. కొన్నిటి వెనక మాత్రం వేరే సంగతి ఉంటుంది. ఆ అమ్మ మోకాళ్లు బాగానే ఉన్నాయి. అన్నం తిన్న పది నిమిషాలకే తినలేదంటోంది. మనవరాలిని చూసి “ఎవరమ్మా ఈ పిల్ల?” అని అడుగుతోంది. పొద్దు వాలేసరికి చేతిసంచీ సర్దుకుని “మా ఇంటికి పంపించెయ్యండి” అంటూ తలుపు దగ్గర నిలబడుతోంది.

అలాంటి ఇంట్లో ఉంటున్న కొడుకులూ కూతుళ్లూ కోడళ్లూ అల్లుళ్లూ, ముసలితనంలో భార్యనో భర్తనో కనిపెట్టుకుని ఉన్నవాళ్లూ చదవాల్సిన అధ్యాయం ఇది. స్నానం ఎలా చేయించాలి, మందులు ఎలా వేయాలి అన్న విషయాలు వేరేచోట దొరుకుతాయి. ఆ పనులకు ముందే అడ్డుపడే సిగ్గు గురించి ఇక్కడ మాట్లాడుకుందాం. నేను చెప్పదలచుకున్నది ఒకటే. డిమెన్షియాను దాస్తే పరువు నిలవదు, రావాల్సిన సాయం మాత్రం ఆగిపోతుంది. ఎవరికి, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలో తెలిస్తే చెప్పడం అంత కష్టం కాదు. అది నేర్చుకోగల పనే.

1. ముందు మీరు నమ్మండి: ఇది మెదడు జబ్బు

మీకే అనుమానంగా ఉన్న సంగతిని ఎదుటివాళ్లతో ధైర్యంగా చెప్పలేరు. కాబట్టి మొదట జబ్బు గురించి తెలుసుకుందాం.

జ్ఞాపకం, ఆలోచన, మాట, రోజువారీ పనులు చేసుకునే నేర్పు క్రమంగా తగ్గిపోయే స్థితిని డిమెన్షియా అంటారు. మెదడులోని రకరకాల జబ్బులు దీన్ని తెస్తాయి. 60 నుంచి 70 శాతం కేసులకు అల్జీమర్స్ కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ, షుగర్, పక్షవాతం వల్ల మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చేది వాస్క్యులర్ డిమెన్షియా. లూయీ బాడీ రకంలో లేని మనుషులు కనిపిస్తారు. ఫ్రాంటోటెంపోరల్ రకంలో జ్ఞాపకం కన్నా ముందే స్వభావం మారిపోతుంది.

2021 నాటికి ప్రపంచంలో 5.7 కోట్ల మందికి డిమెన్షియా ఉంది. ఇండియాలో 60 ఏళ్లు పైబడినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఒక్క అమెరికాలోనే 65 ఏళ్లు దాటిన 70 లక్షల మందికి పైగా అల్జీమర్స్‌తో బతుకుతున్నారు. ఇంతమందికి వచ్చిన జబ్బు మీ ఇంటికి మాత్రమే అంటిన మచ్చ ఎలా అవుతుంది?

“వయసు కదా, మామూలే” అనే మాటను మీ ఇంట్లోంచి తీసేయండి. వయసుతో ముప్పు పెరుగుతుంది, నిజమే. కానీ తాళంచెవులు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం వేరు, అవి దేనికో తెలియకపోవడం వేరు. ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. అల్జీమర్స్ డిసీజ్ ఇంటర్నేషనల్ 2024లో చేసిన ప్రపంచ సర్వేలో సామాన్యుల్లో 80 శాతం, వైద్యరంగంలో పనిచేసేవాళ్లలో 65 శాతం డిమెన్షియా వృద్ధాప్యంలో మామూలు భాగమే అనుకుంటున్నట్టు తేలింది. అంటే మీ డాక్టరు కూడా అలా తేల్చేయవచ్చు. అప్పుడు ఊరుకోకండి. “జ్ఞాపకశక్తి పరీక్ష చేయండి, లేదా న్యూరాలజిస్టు దగ్గరికి పంపండి” అని అడగండి.

త్వరగా చూపించడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. డిమెన్షియాలా కనిపించే ప్రతిదీ డిమెన్షియా కాదు. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, కొన్ని నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. వీటిని సరిచేయవచ్చు. శాకాహారుల్లో, ఏళ్ల తరబడి షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో బి12 తగ్గడం తరచుగా చూస్తాం. మన పెద్దల్లో ఈ రెండు రకాలవాళ్లూ ఎంతమందో మీకు తెలుసు. సిగ్గుపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకపోతే ఒక్క రక్తపరీక్షతో బయటపడే సంగతి కూడా బయటపడదు.

2. దేనికి భయపడుతున్నాం?

కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన సమాజ శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో ‘స్టిగ్మా’ అనే పుస్తకం రాశారు. సమాజం ఒక మనిషి మీద వేసిన మచ్చ ఆ మనిషి పక్కన నిలబడినవాళ్లకూ అంటుకుంటుందని అందులో వివరించారు. డిమెన్షియా ఇళ్లలో జరిగేది అదే. జబ్బు అమ్మకి, చిన్నచూపు ఇంటిల్లిపాదికీ. అల్జీమర్స్ డిసీజ్ ఇంటర్నేషనల్ 2019లో 155 దేశాల్లో చేసిన సర్వేలో, చూసుకునేవాళ్లలో దాదాపు 35 శాతం తమ ఇంటిమనిషి జబ్బును దాచినట్టు చెప్పారు. దాచే అలవాటు మన జాతి లోపమేమీ కాదు. కానీ మన భయాలు కొన్ని మనవే. ఒక్కొక్కదాన్నీ తీసి చూద్దాం.

*పిల్లల సంబంధాలు చెడిపోతాయి.* “వాళ్ల వంశంలో మతి చలించినవాళ్లు ఉన్నారట” అనే మాట పుడుతుందని భయం. వైద్యం ఏం చెబుతోందో వినండి. ఒక జన్యువు లోపం వల్ల తరం నుంచి తరానికి నేరుగా వచ్చే అల్జీమర్స్ ఒక శాతం లోపే. అది కూడా సాధారణంగా 65 ఏళ్ల లోపు, మధ్యవయసులోనే బయటపడుతుంది. డెబ్బైల్లో నాన్నకి డిమెన్షియా వస్తే పిల్లలకు ముప్పు కొంత పెరుగుతుంది కానీ తప్పక వస్తుందని లేదు. పైగా, మార్చుకోదగ్గ 14 కారణాలను జీవితమంతా అదుపులో పెట్టుకుంటే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని లాన్సెట్ కమిషన్ 2024లో తేల్చింది. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, వ్యాయామం లేకపోవడం, సరిచేయించుకోని చూపు, వినికిడి లోపాలు, ఒంటరితనం ఆ జాబితాలో ఉన్నాయి. మీ పిల్లలకు ఈ జాబితా అవసరం. అది వాళ్లకి అందాలంటే తాతగారి జబ్బు పేరు వాళ్లకి తెలియాలి.

*కోడలి మీద నింద పడుతుంది.* అన్నిటికన్నా ఎక్కువ కన్నీళ్లు తెప్పించేది ఇదే. అత్తగారు విజయవాడలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, “నాకు పొద్దుట్నుంచి అన్నం పెట్టలేదే, నా గాజులు కూడా తీసి దాచేసింది” అని ఏడుస్తారు. సాయంత్రానికల్లా ఆ మాట చుట్టాలందరికీ చేరిపోతుంది. అనుమానం, దొంగతనం అంటగట్టడం ఈ జబ్బు లక్షణాలు. ఆలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ డాక్టరు 1906లో మొట్టమొదటగా వివరించిన రోగిని గుర్తుచేసుకోండి. యాభై దాటిన ఆ ఇల్లాలిలో అన్నిటికన్నా ముందు కనిపించిన మార్పు భర్త మీద అనుమానమే. వస్తువు ఎక్కడ పెట్టారో గుర్తుండదు. ఆ ఖాళీని మెదడు ఒక కథతో నింపుకుంటుంది. పగలంతా ఎదురుగా ఉండే మనిషే ఆ కథలో దొంగ అవుతుంది. ఎక్కువగా నిందపడేది ఎక్కువగా సేవ చేసే మనిషే.

*పిచ్చి అంటారు, కర్మ అంటారు.* అననీయండి. బీపీ వస్తే పూర్వజన్మ పాపం అనుకోని మనం మెదడు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆ మాట వెతుక్కోవాలి? దేవుడి మీద నమ్మకం ఉన్నవాళ్లు పూజ మానక్కర్లేదు. చిన్నప్పుడు బట్టీపట్టిన విష్ణు సహస్రనామం, పాత సినిమా పాటలు, భజన కీర్తనలు ఈ జబ్బులో చాలాకాలం నిలుస్తాయి. అవి వింటే ఎంతోమంది కుదుటపడతారు. వాటిని వాడుకోండి, శిక్ష అనే ఆలోచన మాత్రం వదిలేయండి.

*“అమెరికా తీసుకెళ్లి ఇలా చేశారు” అంటారు.* ఇది వలస వచ్చిన ఇళ్లకు ప్రత్యేకమైన నింద. చాలాసార్లు పిల్లలే దీన్ని తమ మీద వేసుకుంటారు. ఇక్కడికి వచ్చిన ఒకటి రెండు నెలల్లో జబ్బు బయటపడితే, ఇక్కడికి రావడం వల్లే వచ్చిందనిపిస్తుంది. సాధారణంగా జరిగేది వేరు. సొంతూళ్లో నలభై ఏళ్లుగా అలవాటైన వంటిల్లు, పాలవాడు, గుడికి వెళ్లే సందు లోపాన్ని కప్పిపెడతాయి. కొత్త ఇల్లు, కొత్త పొయ్యి, పగలంతా మూసి ఉండే తలుపులు వచ్చేసరికి ఆ కప్పు తొలగిపోతుంది. మీరు జబ్బు తేలేదు, దాన్ని గుర్తించారు. అయితే ఒక జాగ్రత్త. అన్నదమ్ముల మధ్య వంతులు వేసుకుని మూడు నెలలకో ఇల్లు, ఆరు నెలలకో దేశం తిప్పితే అయోమయం పెరుగుతుంది. పెద్దవాళ్లను ఒకచోట ఉంచి, వంతులు పిల్లలే తిరగడం మేలు.

3. దాచినందుకు చెల్లించే ధర

దాచడం వల్ల ఏం పోతుందో లెక్క వేసుకోండి.

మొదట పోయేది సమయం. లెకానెమాబ్, డొనానెమాబ్ అనే కొత్త మందులకు అమెరికాలో 2023, 2024 సంవత్సరాల్లో పూర్తి అనుమతి వచ్చింది. అవి అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవాళ్లకే, అదీ పరీక్షల్లో తగినవారని తేలినవాళ్లకే ఇస్తారు. జబ్బును నయం చేయవు, వేగాన్ని కొంత తగ్గిస్తాయి. రెండేళ్లు దాచి తీసుకెళితే వాటి గురించి అడిగే అవకాశం కూడా ఉండకపోవచ్చు.

రెండోది సంతకం. వీలునామా, పవర్ ఆఫ్ అటార్నీ, వైద్య నిర్ణయాల పత్రం, ఇవన్నీ ఆ మనిషి అర్థం చేసుకుని సంతకం పెట్టగలిగినప్పుడే చెల్లుతాయి.

మూడోది భద్రత. డిమెన్షియా ఉన్న ప్రతి పదిమందిలో ఆరుగురు ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు విడిచి దారితప్పుతారని అల్జీమర్స్ అసోసియేషన్ చెబుతోంది. ఇంగ్లిష్ రాని పెద్దాయన జనవరి చలిలో చొక్కాతో వీధిలో నిలబడితే, విషయం తెలిసిన పొరుగింటివాళ్లు రెండు నిమిషాల్లో ఇంటికి చేరుస్తారు. తెలియనివాళ్లు పోలీసులకు ఫోన్ చేస్తారు.

నాలుగోది మీ ఆరోగ్యం. పైన చెప్పిన 2019 సర్వేలోనే చూసుకునేవాళ్లలో సగానికి పైగా ఆ బాధ్యత వల్ల తమ ఆరోగ్యం దెబ్బతిందన్నారు. రాత్రి మూడుసార్లు లేచి పొద్దున్నే మీటింగులో నవ్వుతూ కూర్చోవడం ఎన్నాళ్లు సాధ్యం?

4. ఎవరికి, ఏ వరసలో, ఏ మాటలతో

అందరికీ ఒకేసారి చెప్పక్కర్లేదు. ఫేస్‌బుక్‌లో పెట్టక్కర్లేదు. ఒక వరస పెట్టుకోండి. ప్రతిసారీ మూడు ముక్కలు చెప్పండి: జబ్బు పేరు, అది ఎలా కనిపిస్తుంది, ఎదుటివాళ్లు ఏం చేయాలి. మూడో ముక్క లేకపోతే జాలి మాత్రమే దొరుకుతుంది. అది ఉంటే సాయం దొరుకుతుంది.

*డాక్టరు.* అపాయింట్‌మెంట్‌కు ముందే ఒక కాగితం మీద రాయండి: ఏం మారింది, ఎప్పటినుంచి, వారానికి ఎన్నిసార్లు. పెద్దవాళ్ల ముందు చెప్పడం ఇబ్బందైతే ఆ కాగితం నర్సుకి ముందే ఇవ్వండి. ఇంకో ముఖ్యమైన మాట: మీరు దుబాసీగా కూర్చోకండి. తల్లి తడబడితే కొడుకు మనసు ఊరుకోదు, జవాబును సరిదిద్ది చెబుతాడు. పరీక్ష పనికిరాకుండా పోతుంది. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని అమెరికా చట్టం. తెలుగు దుబాసీ కావాలని ముందే అడగండి. మోకా వంటి జ్ఞాపకశక్తి పరీక్షలకు తెలుగు రూపాలు ఉన్నాయని గుర్తుచేయండి. గుంటూరు నుంచి నిరుడు వచ్చినావిడకి ఇంగ్లిష్‌లో ప్రశ్నలు వేసి మార్కులు తగ్గించడం న్యాయం కాదు.

భాష సంగతి ఇంకొంచెం. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. జబ్బు ముదిరేకొద్దీ మాత్రం తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవడం తరచుగా కనిపిస్తుంది. ముప్పై ఏళ్లు ఇక్కడ ఇంగ్లిష్‌లో ఉద్యోగం చేసిన నాన్న కూడా ఒకరోజు తెలుగులోకి వెళ్లిపోవచ్చు. మనవలకు కనీసం “తాతయ్యా, తిందాం రా”, “నేనున్నాగా”, “ఇలా కూర్చో” అనే చిన్న మాటలు ఇప్పుడే నేర్పండి.

*తోబుట్టువులు.* “నీకు తెలుసుగా, అమ్మ పరిస్థితి బాలేదు” అని వదిలేస్తే ఎవరూ ఏమీ చేయరు. ఇలా చెప్పండి: “అన్నయ్యా, నాన్నకి అల్జీమర్స్ అని డాక్టర్ చెప్పారు. నయం కాదు, మెల్లగా పెరుగుతుంది. నాకు రెండు పనుల్లో నీ సాయం కావాలి. రోజూ సాయంత్రం ఆరింటికి అరగంట వీడియోలో నాన్నతో కూర్చో, నేను వంట చేసుకుంటాను. ఊళ్లో స్థలం కాగితాల పని నువ్వు చూడు.” డబ్బు కావాలంటే డబ్బే అడగండి. మొహమాటపడి ఏడాది తర్వాత పోట్లాడటం కన్నా ఇప్పుడే అడగడం నయం.

*ఇండియాలో చుట్టాలు.* ఈ ఫోను కొడుకే చేయాలి. కోడలు చేస్తే సంజాయిషీ అవుతుంది, కొడుకు చేస్తే సమాచారం అవుతుంది. “పిన్నీ, అమ్మకి డిమెన్షియా. తిన్న సంగతి గుర్తుండట్లేదు. అన్నం పెట్టలేదని ఫోన్ చేస్తే కంగారుపడకు, కాదని వాదించకు. ‘ఇప్పుడే పెట్టమని చెబుతానక్కా’ అను చాలు. తర్వాత నాకు మెసేజ్ పెట్టు. మా ఆవిడ అమ్మని ఎలా చూసుకుంటోందో నేను రోజూ కళ్లారా చూస్తున్నాను.” ఆఖరి వాక్యం మర్చిపోవద్దు. ఇంటికి కొడుకులైనవాళ్లు ఈ పుస్తకంలో ఒక్క పనే చేయగలమంటే ఈ ఫోన్ చేయండి.

*పిల్లలు.* “నానమ్మ మెదడుకి జబ్బు చేసింది. అందుకే నీ పేరు మర్చిపోతుంది. నీ తప్పేమీ లేదు, ఇది అంటుకునేది కాదు. నువ్వు పక్కన కూర్చుని పాట పెడితే నానమ్మకి హాయిగా ఉంటుంది.” ఎనిమిదేళ్ల పిల్లకి ఇంత చాలు. స్నేహితుల్ని ఇంటికి తెచ్చుకోవచ్చని కూడా చెప్పండి, లేకపోతే దాచడం వాళ్లూ నేర్చుకుంటారు.

*పొరుగు.* ఎడమా కుడీ రెండిళ్లకు ఫొటో, మీ ఫోన్ నంబరు ఇవ్వండి. “మా మామగారికి డిమెన్షియా. ఒంటరిగా బయట కనిపిస్తే చెయ్యి పట్టి లాగకండి, పక్కనే నడుస్తూ నాకు ఫోన్ చేయండి” అని చెప్పండి. పేరు, ఫోన్ నంబరు చెక్కిన కడియం ఒకటి చేతికి వేయండి.

*గుడి, తెలుగు సంఘం, స్నేహితులు.* తీసుకెళ్లండి. వెళ్లేముందు ఆ ఇంటివాళ్లకి చెప్పండి: “అమ్మ అడిగిందే మళ్లీ అడుగుతుంది. మొదటిసారి విన్నట్టే జవాబు చెప్పండి. గంట కూర్చుని వెళ్లిపోతాం.” మనవాళ్లకు ఒక అలవాటు ఉంది: “పెద్దమ్మా, నేనెవరో చెప్పుకో చూద్దాం!” అని ప్రేమగానే అడుగుతారు. తెలియనప్పుడు ఆవిడ పడే అవమానం మీకు కనిపిస్తుంది. ఆ ప్రశ్నను అడ్డుకోవడం మీ బాధ్యత. “పెద్దమ్మా, నేను మీ చెల్లెలి కొడుకుని, తెనాలి నుంచి వచ్చాను” అని వాళ్లనే ముందు చెప్పమనండి.

*ఆఫీసు.* అమెరికాలో ఎఫ్‌ఎంఎల్‌ఏ చట్టం కింద, అర్హత ఉన్న ఉద్యోగికి తల్లిదండ్రుల జబ్బు కోసం ఏడాదిలో 12 వారాల దాకా జీతం లేని సెలవు దొరుకుతుంది, ఉద్యోగం పోదు. అవసరమైతే దాన్ని విడివిడి రోజులుగా వాడుకోవచ్చు. 50 మందికి తక్కువున్న కంపెనీకి ఇది వర్తించదు. ఆ చట్టంలో తల్లిదండ్రులంటే అత్తమామలు రారు. అంటే కొడుకు తన తల్లి కోసం తానే సెలవు పెట్టాలి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాల్లో జీతంలో కొంత భాగం ఇచ్చే సెలవులు అత్తమామల కోసం కూడా ఉన్నాయి.

5. జబ్బు ఉన్న మనిషికి చెప్పాలా?

తొలిదశలో చెప్పాలి. చుట్టూ అందరికీ తెలిసి తనకు మాత్రమే తెలియకపోవడం అవమానం. 1994 నవంబరులో అమెరికా మాజీ అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ తనకు అల్జీమర్స్ ఉందని సొంత చేతిరాతతో దేశ ప్రజలకు ఉత్తరం రాశారు. ఆ దశలో మనిషి ఆలోచించగలడు, కోరికలు చెప్పగలడు.

మీరు ఇలా మొదలుపెట్టవచ్చు: “నాన్నా, ఈమధ్య మీకే చిరాగ్గా ఉంటోంది కదా, పేర్లు గుర్తురావట్లేదని. దానికి కారణం తెలిసింది. మీ మెదడుకి జబ్బు. మేం మీతోనే ఉంటాం. మున్ముందు ఎలా ఉండాలని మీకు ఉందో చెప్పండి.” ఆయన ఒప్పుకోకపోతే వాదించకండి. తన జబ్బు తనకు తెలియకపోవడం కూడా చాలామందిలో ఈ జబ్బు లక్షణమే. ముదిరిన దశలో అస్తమానం గుర్తుచేస్తే హింస అవుతుంది. అప్పుడు “మా ఇంటికి పంపండి” అంటే “ఇదే మీ ఇల్లు” అని గద్దించకుండా, “మీ ఇంటి గురించి చెప్పండి, పెరట్లో ఏం చెట్లుండేవి?” అని అడగండి. ఇల్లు అంటున్నప్పుడు చాలాసార్లు వాళ్లు వెతుకుతున్నది నిశ్చింతను. ఇంకో నియమం: జబ్బు ఉన్న మనిషి ఎదురుగానే ఆ మనిషి గురించి వేరేవాళ్లతో చెప్పకండి. మాటలు అర్థంకాకపోయినా గొంతులోని విసుగు అర్థమవుతుంది.

6. నలుగురూ అన్నప్పుడు

మాటలు పడకుండా ఉండలేరు. జవాబు సిద్ధంగా ఉంటే ఆ మాట మిమ్మల్ని రాత్రంతా తినేయదు.

“నాతో బాగానే మాట్లాడారే! మీరే ఎక్కువ చేస్తున్నారేమో.” పలకరింపులు, మర్యాదలు ఈ జబ్బులో చాలామందికి చాలాకాలం నిలుస్తాయి. అరగంట అతిథి ముందు ఎంతో బాగా ఉంటారు. ఇలా అనండి: “అవునండీ, మనుషులొస్తే అమ్మ బాగుంటుంది. వచ్చే శనివారం రెండు గంటలు కూర్చుంటారా? నేను బయటి పనులు చూసుకొస్తాను.”

“ఇద్దరూ ఉద్యోగాలకి పోతే ఇంకేమవుతుంది?” దీనికి: “ఉద్యోగాల వల్ల వచ్చే జబ్బు కాదండీ ఇది. డాక్టరు చూస్తున్నారు, మందులు వాడుతున్నాం.” అక్కడితో ఆపేయండి. వివరణ పెంచితే సంజాయిషీలా వినపడుతుంది.

“శాంతి చేయించండి, తగ్గిపోతుంది.” దీనికి: “చేయిస్తామండీ. మందులు మాత్రం ఆపం.”

“కన్నవాళ్లని హోమ్‌లో పడేస్తారా?” ఇది గుండెలో గుచ్చుకుంటుంది. అయితే హోమ్ ఒక్కటే దారి కాదు. ఎడిసన్ వంటి చోట్ల మన భోజనం, మన భాషల్లో మాటామంతీ ఉండే అడల్ట్ డే సెంటర్లు ఉన్నాయి. పొద్దున తీసుకెళ్లి సాయంత్రం తీసుకొస్తారు. పిల్లవాణ్ని బడికి పంపితే వదిలేసినట్టు ఎవరూ అనరు కదా. జబ్బు ముదిరి, ఇద్దరు మనుషులు రాత్రింబగళ్లు కావలసి వచ్చినప్పుడు నర్సింగ్ హోమ్ కూడా తప్పు కాదు. సేవ మీ చేతుల్తో జరగకపోయినా మీ కనుసన్నల్లో జరిగితే మీరు వదిలేసినట్టు కాదు.

7. కాగితాలు, కార్డులు

దాచే ఇళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ముఖ్యమైనవి ఇవి.

అమెరికాలో పనిచేయని తల్లిదండ్రులు గ్రీన్‌కార్డుతో వస్తే, వయసు 65 నిండి ఉండి, ఐదేళ్లు వరసగా ఇక్కడ నివసించి ఉంటే ప్రీమియం కట్టి మెడికేర్ తీసుకోవచ్చు. పిల్లలు కట్టిన పన్నులు తల్లిదండ్రుల లెక్కలోకి రావు. స్నానం, తిండి, కాపలా వంటి దీర్ఘకాల సేవలకు మెడికేర్ డబ్బు ఇవ్వదు. మెడికెయిడ్ ఇస్తుంది. దానికీ చాలామంది గ్రీన్‌కార్డుదారులకు ఐదేళ్ల నిరీక్షణ ఉంటుంది, ఆదాయ పరిమితులు ఉంటాయి. కాలిఫోర్నియాలోని ఐహెచ్‌ఎస్‌ఎస్ వంటి పథకాల్లో ఇంట్లో చూసుకునే కూతురికో కొడుక్కో జీతం కూడా వస్తుంది. స్పాన్సర్ సంతకం పెట్టినవాళ్లు దరఖాస్తుకు ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును ఒకమాట అడగండి.

సంప్రదాయ మెడికేర్ ఉన్నవాళ్ల కోసం 2024 జులైలో గైడ్ అనే డిమెన్షియా పథకం మొదలైంది. అందులో చేరిన క్లినిక్ దారి చూపే ఒక నావిగేటర్‌ను ఇస్తుంది. అర్హులకు ఏడాదికి 2,500 డాలర్ల దాకా, చూసుకునేవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకునేలా ప్రత్యామ్నాయ సేవలు దొరుకుతాయి.

పౌరసత్వ పరీక్ష రాయలేని స్థితిలో ఉంటే డాక్టరు ఎన్-648 ఫారం నింపితే ఇంగ్లిష్, సివిక్స్ పరీక్షల నుంచి మినహాయింపు కోరవచ్చు.

ఇండియాలో ఆస్తి ఉంటే ఒక తేడా గుర్తుపెట్టుకోండి. అమెరికాలో డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ, రాసిన మనిషి మతి పోయాక కూడా చెల్లుతుంది. భారతీయ కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం ముగుస్తుంది. అందుకని రెండు దేశాల లాయర్లతోనూ తొలిదశలోనే మాట్లాడాలి.

8. ఈ నెలలో చేయండి

మొదటి వారం: మార్పులన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. బి12, థైరాయిడ్, వినికిడి పరీక్షలు, తెలుగు దుబాసీ కావాలని అడగండి.

రెండో వారం: తోబుట్టువులతో ఒక వీడియో కాల్ పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో పని పేరుపెట్టి అప్పగించండి. కొడుకు ఇండియాకి ఆ ఫోన్ చేయాలి.

మూడో వారం: రెండు పొరుగిళ్లకు చెప్పండి. చేతికి కడియం వేయండి. గ్యాస్ పొయ్యి, బయటి తలుపు, మందుల పెట్టె ఎలా ఉన్నాయో చూడండి.

నాలుగో వారం: అల్జీమర్స్ అసోసియేషన్ హెల్ప్‌లైన్ 1-800-272-3900కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఎత్తుతారు, దుబాసీ సాయం ఉంటుంది, డబ్బు తీసుకోరు. మీ ఊళ్లో డే సెంటర్, చూసుకునేవాళ్ల బృందం ఎక్కడున్నాయో అడగండి. వారంలో నాలుగు గంటలు మీకోసం కేటాయించుకుని క్యాలెండర్లో రాయండి. ఆ నాలుగు గంటలు నిద్రపోయినా సరే, అది స్వార్థం కాదు.

ఇవి చేశాక ఒకటి జరుగుతుంది, సిద్ధంగా ఉండండి. మీరు గుడిలో జబ్బు పేరు పైకి చెప్పిన వారం పది రోజుల్లో ఎవరో ఒకరు పార్కింగులో మిమ్మల్ని పక్కకు పిలిచి, “మా నాన్నగారికి కూడా అలాగే ఉంటోందండీ, ఏ డాక్టరుకి చూపించారు?” అని గొంతు తగ్గించి అడుగుతారు. డాక్టరు పేరు చెప్పండి, హెల్ప్‌లైన్ నంబరు ఇవ్వండి, మీ మొదటి నెల ఎలా గడిచిందో చెప్పండి. మామూలు గొంతుతో చెప్పండి. మన సంఘంలో ఈ సిగ్గు ఇలాగే పోవాలి, ఒక ఇంటి తర్వాత ఒక ఇంట్లో.